పిల్లల వాలెంటైన్లు, పెద్దల జాగారాలు

అమెరికాలో ఎలిమెంటరీ స్కూలుకి వెళ్ళే పిల్లలున్న మన తెలుగిళ్ళలో శివరాత్రి జాగారం కాకుండా ఇంకో జాగారం కూడా ఉంటోంది. అది ఫిబ్రవరి 13 రాత్రి. పిల్లలు తొమ్మిదింటికే పడుకుంటారు. తల్లి మాత్రం డైనింగ్ టేబుల్ నిండా ఎర్ర కాగితాలు, జిగురు, రిబ్బన్లు పరుచుకుని అర్ధరాత్రి దాకా కత్తిరిస్తూ కూర్చుంటుంది. తండ్రి పక్క గదిలో ఆఫ్‌షోర్ టీముతో కాల్‌లో ఉంటాడు (మధ్యలో మ్యూట్ నొక్కి "ఇంకా అవలేదా?" అని ఒక కేక కూడా వేస్తాడు). ఇదంతా ఎందుకయ్యా అంటే, మర్నాడు ఆరేళ్ళ పిల్ల తన క్లాసులో వాళ్ళకి తలా ఒక కార్డు ఇవ్వాలి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ కార్డుల పని పిల్లలది. పిల్ల తన చేత్తో చేయగలిగినంతే చేయాలి, అంతకుమించి ఒక్క రిబ్బను ముక్క కూడా అక్కర్లేదు. మనం సాయం అనుకుని చేస్తున్నది నిజానికి వాళ్ళ పనిని మనం లాక్కోవడం. ఎందుకంటున్నానో చెప్తాను.

వాలెంటైన్స్ డే అనగానే మనకి గుర్తొచ్చే బొమ్మ వేరు. పార్కుల దగ్గర పోలీసులు, జంటలు కనిపిస్తే పెళ్ళి చేసేస్తామని తిరిగే బ్యాచులు, టీవీల్లో రోజంతా చర్చలు. మా మేనకోడలు మొదటిసారి ఈ కార్డుల సంగతి వీడియో కాల్‌లో చెప్పినప్పుడు మా అమ్మ "ఇంత పిల్లకి ప్రేమలేఖలేమిటే, విడ్డూరం కాకపోతే!" అంది. ఆవిడ తప్పేం లేదు. పేరు ఒకటే గానీ అవి రెండూ వేరు వేరు పండగలు.

ఇక్కడి బళ్ళలో జరిగేది ఇదీ. జనవరి ఆఖర్లోనో ఫిబ్రవరి మొదట్లోనో టీచరు క్లాసులో పిల్లల పేర్ల జాబితా ఇంటికి పంపిస్తుంది. ఇవ్వదలుచుకుంటే క్లాసులో అందరికీ ఇవ్వాలి. ఇద్దరికిచ్చి ముగ్గురిని వదిలేయడం కుదరదు. చాలా బళ్ళలో ఇదే రూలు. ప్రతి పిల్లకీ ఒక అట్టపెట్టో కాగితపు సంచీయో ఉంటుంది, దానిమీద పేరుంటుంది. ఆ రోజు పిల్లలందరూ లేచి ఒకరి పెట్టెలో ఒకరు కార్డులు వేసుకుంటూ తిరుగుతారు. అరగంటలో అయిపోతుంది. కొన్ని బళ్ళయితే వాలెంటైన్ అన్న పేరు కూడా పక్కన పెట్టి ఫ్రెండ్‌షిప్ డే అనేస్తాయి.

ఇది మనకి తెలియని సంగతేమీ కాదు. మనం చదువుకునేటప్పుడు పుట్టినరోజుకి ఏం చేసేవాళ్ళం? కొత్త బట్టలు, చేతిలో చాక్లెట్ల ప్యాకెట్టు, క్లాసంతా తిరిగి తలా ఒకటి, మాస్టారికి రెండు. మనతో మాట్లాడని వాడికి కూడా ఇవ్వాల్సిందే. దానికోసం మన అమ్మానాన్నలు రాత్రంతా మేలుకున్నారా? సందు చివర కొట్లో ఒక ప్యాకెట్టు కొనిచ్చి బడికి పంపించారు. జనవరి ఒకటికి గ్రీటింగ్ కార్డులు కొనుక్కుని, స్కెచ్ పెన్నుతో వంకర అక్షరాల్లో పేర్లు రాసి పంచుకున్న రోజులు కూడా మీకు గుర్తుండే ఉంటాయి. అందులో మన పెద్దవాళ్ళ పాత్ర డబ్బులివ్వడం వరకే.

"అందరికీ ఇవ్వాలి" అన్న రూలు పైకి యాంత్రికంగా అనిపిస్తుంది. అందరికీ ఇస్తే ఇక ఇష్టమేముంది అని మా బావ వాదన. నేను ఒప్పుకోను. చార్లీ బ్రౌన్ సంగతి తెలుసుగా, పీనట్స్ కార్టూన్లో పాపం ఎప్పుడూ ఓడిపోయే కుర్రాడు. 1975 జనవరిలో "బీ మై వాలెంటైన్, చార్లీ బ్రౌన్" అని టీవీలో అరగంట కార్యక్రమం వచ్చింది. అందులో ఇతగాడు కార్డులు చాలా వస్తాయని ఆశపడి, వాటిని పట్టుకెళ్ళడానికి ఏకంగా బ్రీఫ్‌కేసు తీసుకుని బడికెళ్తాడు. ఒక్కటంటే ఒక్కటీ రాదు. అది చూసిన పిల్లలు తట్టుకోలేక చార్లీ బ్రౌన్ పేరుమీద నిజంగానే కార్డులు పోస్టు చేశారు. బొమ్మ పిల్లాడికే అంతలా బాధపడితే పక్క బెంచీలో కూర్చున్న పిల్లాడి మాటేమిటి? ఆ రూలు ఉన్నది అందుకే. క్లాసులో ఖాళీ పెట్టె ఒక్కటి కూడా మిగలకూడదు.

అంటే ఈ పద్ధతి ఇచ్చే హామీ ఒక్కటే, ప్రతి పెట్టెలోనూ కార్డులుండాలి. ఎంత అందంగా ఉండాలన్నది అసలు స్పెసిఫికేషన్‌లోనే లేదు. అది మనం తగిలించుకున్న స్కోప్ క్రీప్.

కాస్త లెక్క వేద్దాం, మన అలవాటు ఎక్కడికి పోతుంది. క్లాసులో 24 మంది ఉన్నారనుకుందాం. ఒక్కో పిల్ల మిగతా 23 మందికి ఇస్తుంది. మొత్తం 24 ఇంటూ 23, అంటే 552 కార్డులు అరగంటలో చేతులు మారతాయి. ఇంటికొచ్చాక పిల్ల ముందు చాక్లెట్లో స్టిక్కర్లో ఉన్నవి వెతుక్కుంటుంది, పేర్లు చదువుకుంటుంది, రెండు రోజులు నేలమీద పరుచుకుని ఆడుకుంటుంది. ఆ తర్వాత చాలావరకు రీసైక్లింగ్ డబ్బాలోకే. మీరు రాత్రి పన్నెండుకి అతికించిన జరీ అంచుకి దక్కే సమయం మహా అయితే నాలుగు సెకన్లు.

ఈ జరీ అంచుల చరిత్ర కూడా సరదాగా ఉంటుంది. అమెరికాలో లేసు కాగితాల వాలెంటైన్లని పెద్ద ఎత్తున వ్యాపారం చేసినావిడ ఎస్తర్ హౌలాండ్. మసాచుసెట్స్‌లోని వూస్టర్ ఆవిడ ఊరు. 1847లో మౌంట్ హోలియోక్‌లో చదువు ముగించుకుని, ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక కార్డు చూసి ఇలాంటివి మనమూ చేయొచ్చు కదా అనుకుంది. ఎలా చేసిందంటే, ఇంట్లోనే బల్ల చుట్టూ ఆడవాళ్ళని కూర్చోబెట్టి పని పంచింది. ఒకరు కత్తిరిస్తారు, ఒకరు పొరలు పేరుస్తారు, ఒకరు అతికిస్తారు. హెన్రీ ఫోర్డుకి అరవై ఏళ్ళ ముందే అసెంబ్లీ లైన్ అన్నమాట. 1881లో ఆ వ్యాపారాన్ని జార్జ్ విట్నీ కంపెనీకి అమ్మేసింది. చెప్పొచ్చేదేమిటంటే, ఆ రకం కార్డు పుట్టినప్పుడే జీతం తీసుకునే పెద్దవాళ్ళు వరసగా కూర్చుని చేసిన ఫ్యాక్టరీ సరుకు. దాన్ని మీరు ఒక్కరే, వంటా ఆఫీసు పనీ ముగించుకుని, జీతం లేకుండా, ఒక్క రాత్రిలో 24 ముక్కలు తీయాలనుకుంటున్నారు. ఏ మేనేజరూ ఇవ్వని డెడ్‌లైన్ అది.

మరి ఎందుకిలా తయారయ్యాం? 2010లో వచ్చిన పింటరెస్ట్ ఒక కారణం. అక్కడ ఫోటో కనిపిస్తుంది గానీ దాని వెనక పడ్డ నాలుగు గంటలు కనిపించవు. రెండోది తల్లుల వాట్సాప్ గ్రూపు. ఫలానావాళ్ళు త్రీడీ ప్రింటర్‌తో కీచెయిన్లు చేశారట, ఇంకోళ్ళు ప్రతి పిల్ల పేరూ చెక్కమీద చెక్కించారట. మూడోది మనలో మనం పెద్దగా మాట్లాడుకోనిది. కొత్త దేశంలో మన పిల్ల ఎందులోనూ తక్కువగా కనిపించకూడదన్న భయం. అమెరికన్ తల్లి డబ్బాలో కొన్న కార్డు మీద పేరు గీకి పంపిస్తే అది మామూలు సంగతి. అదే మనం పంపిస్తే మనకి తెలియదనుకుంటారేమో అని మనకి అనుమానం. ఈ భయం నాకు అర్థమవుతుంది, వెక్కిరించడం లేదు. కానీ దాని బిల్లు పిల్ల కడుతోంది.

ఎలాగంటారా? మీరు బీటెక్ చదివినవాళ్ళేగా, కాసేపు అక్కడికి వెళ్దాం. ఫైనలియర్ ప్రాజెక్టులు అమీర్‌పేటలో రెడీమేడ్‌గా దొరికేవన్న సంగతి మనకి కొత్త కాదు. సోర్సు కోడూ, డాక్యుమెంటేషనూ, వైవాలో అడిగే ప్రశ్నలకి జవాబులూ అన్నీ కలిపి ఒకే ప్యాకేజీ. అలాంటి ప్రాజెక్టుని తన పేరుతో సబ్మిట్ చేయడం తప్పని ఎందుకు అనిపించదు? ఒకటో తరగతి నుంచీ అదే చూశాం గనక. సైన్స్ ఎగ్జిబిషన్లో థర్మకోల్ అగ్నిపర్వతం నాన్న చేసేవాడు, చార్టు మీద అక్షరాలు ఎదురింటి అక్క రాసేది, ప్రైజు పిల్లాడు తీసుకునేవాడు. వేరేవాళ్ళు చేసిన పనికి నీ పేరు పెట్టుకోవచ్చు అన్న పాఠం ఎవరూ నోటితో చెప్పకుండానే వచ్చేసింది. ఇప్పుడు అమెరికా వచ్చి అదే పాఠం గుండె ఆకారంలో కత్తిరించి మళ్ళీ చెప్తున్నాం. "ఫ్రమ్" అని ఉన్న చోట పిల్ల పేరుంటుంది, మిగతాదంతా అమ్మ చేసిందే. దాచుకోవడానికి కూడా కుదరదు, ఆరేళ్ళ పిల్ల అంత నున్నగా కత్తిరించలేదని టీచరుకి తెలీదా?

ఇంకో సంగతి ఉంది. నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది ఇదే. ఈ మొత్తం తతంగంలో పిల్లకి నిజంగా పనికొచ్చే భాగం ఏమిటంటే, పేర్లు రాయడం. మనం దాన్నే అన్నిటికంటే విసుగు పనిగా చూసి, లేబుళ్ళు ప్రింటు కొట్టి అతికించేస్తున్నాం.

మన పేర్లు ఈ దేశంలో ఏమవుతాయో మీకు వేరే చెప్పాలా? ఇంటిపేరు ముందు రాసుకునే అలవాటు వల్ల ఏది ఫస్ట్ నేమో ఏది లాస్ట్ నేమో కలగాపులగం. వెంకట సాయి ఏదో ఒకటి అని నాలుగు ముక్కల పేరుంటే మొదటి ముక్కే మిగిలి, ఆఫీసులో ముగ్గురు వెంకటలు తేలతారు. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉంటే వీసాలో ఎఫ్.ఎన్.యు. అని పడి, అదే మన పేరయి కూర్చుంటుంది. ఎవరైనా మన పేరు స్పెల్లింగ్ అడిగి మరీ సరిగ్గా రాస్తే ఆ మనిషంటే ఎంత గౌరవం కలుగుతుంది! ఇప్పుడు ఆరేళ్ళ పిల్ల కూర్చుని తన క్లాసులో ఉన్న 23 పేర్లూ ఒక్కొక్క అక్షరం చూసి రాస్తోందనుకోండి. షివాన్ అనే పేరు స్పెల్లింగ్ ఎందుకంత వింతగా ఉందో అడుగుతుంది. హోసే అన్న పేరు జె అక్షరంతో ఎందుకు మొదలవుతుందో తెలుసుకుంటుంది. తనతో ఎప్పుడూ మాట్లాడని అబ్బాయి పేరు కూడా ఒకసారి పూర్తిగా రాస్తుంది. రేపు ఆ పిల్లల్లో ఎవరో మన పిల్ల పేరు కూడా అలాగే చూసుకుని రాస్తారు. లేబుల్ ప్రింటరు మింగేసేది సరిగ్గా ఈ భాగాన్నే.

సరే, విమర్శ చేశాక విధానం కూడా చెప్పాలిగా. మా అక్కావాళ్ళింట్లో రెండేళ్ళుగా నడుస్తున్న పద్ధతి ఇది. ఇందులో నా కనిపెట్టేదేమీ లేదు, అంతా మామూలు ప్రాజెక్టు ప్లానింగే.

ఒకటి, ముందు రిక్వైర్‌మెంట్స్. టీచరు పంపిన కాగితం ఆసాంతం చదవండి. ఎన్ని పేర్లు, ఏ రోజు, తినేవి పంపొచ్చా లేదా, పెట్టె ఇంట్లో చేయాలా బళ్ళో చేస్తారా. చిన్న క్లాసుల్లో చాలామంది టీచర్లు "టు" అన్న చోట ఏమీ రాయొద్దు, "ఫ్రమ్" మాత్రం రాయండి చాలు అంటారు. చదవడం పూర్తిగా రాని పిల్లలకి పేరు చూసి పెట్టె వెతుక్కోవడం కష్టం కాబట్టి. అది చదవక రాత్రంతా పేర్లు రాసిన తల్లులున్నారు. తేదీ కూడా చూసుకోండి. 2026లో పద్నాలుగు శనివారం (మర్నాడే శివరాత్రి!), 2027లో ఆదివారం. పైగా ఫిబ్రవరి మూడో సోమవారం ప్రెసిడెంట్స్ డే, కొన్ని రాష్ట్రాల్లో ఆ వారమంతా సెలవులు. అలాంటప్పుడు పార్టీ ముందుకి జరుగుతుంది.

రెండు, మెటీరియల్. కొట్లో దొరికే కార్డుల డబ్బా ఒకటి కొంటే పనైపోతుంది. ఏ బొమ్మలున్న డబ్బా అన్నది పిల్లే తేల్చుకోవాలి. కొనడం ఇష్టం లేకపోతే ప్రింటరు కాగితంలాంటి మందపాటి కాగితాలు ఆరు తీసుకుని ఒక్కోదాన్ని నాలుగు ముక్కలు చేయండి, 24 కార్డులు. 23 మంది పిల్లలకి, ఒకటి టీచరుకి. సరిగ్గా సరిపోయింది. ఇంకో కాగితం కూడా కోసి ఉంచండి, పాడైపోయినవాటికీ, మధ్యలో కొత్తగా చేరిన పిల్లకీ పనికొస్తాయి.

మూడు, రోజుకి నాలుగు. ఆరు రోజుల్లో 24. ఒక్కో కార్డుకి రెండు నిమిషాలనుకుంటే రోజుకి ఎనిమిది నిమిషాలు. పాలు తాగేటప్పుడు మొదలుపెడితే గ్లాసు ఖాళీ అయ్యేలోపు అయిపోతుంది. జాబితాలో పేరు పక్కన టిక్కు పెట్టే పని పిల్లదే. పెద్దవాళ్ళ పని పక్కన కూర్చోవడం, అడిగితే స్పెల్లింగ్ చూపించడం. అక్షరం వంకర పోతే పోనివ్వండి. "ఎస్" తిరగబడితే తిరగబడనివ్వండి. ఇంకా రాయడం రాని పిల్లయితే తన పేరులో మొదటి అక్షరమో, వేలిముద్రో, ఒక గీతో చాలు.

నాలుగు, పెట్టె. తిని పడేసిన సీరియల్ డబ్బా. చీలిక కోసేది పెద్దవాళ్ళు, ఎందుకంటే కత్తి ఉంది కాబట్టి. మిగతాదంతా పిల్ల ఇష్టం. స్టిక్కర్లు ఒకే మూలన ఇరవై అతికించినా మీరు సర్దకండి.

ఐదు, తినేవాటి జోలికి వెళ్ళొద్దు. బడి ఒప్పుకున్నా సరే. మనింట్లో పల్లీ చిక్కీ, నువ్వులుండ అంటే బలమైన తిండి. కానీ పల్లీలు పడని పిల్లలు ఇక్కడి క్లాసుల్లో మామూలే. నువ్వులు కూడా 2023 జనవరి నుంచి అమెరికాలో ప్యాకెట్ మీద తప్పనిసరిగా రాయాల్సిన తొమ్మిదో ఎలర్జీ పదార్థం. ఇంట్లో చేసిన దానికి లేబులే ఉండదు. ఒక పెన్సిలో స్టిక్కరో పెట్టండి, అదీ తప్పనిసరి కాదు. ఉత్త కార్డు చాలు.

ఆరు, కోడ్ ఫ్రీజ్. పార్టీకి రెండు రోజుల ముందు సాయంత్రానికి అన్నీ సంచిలో పెట్టి, సంచి బ్యాక్‌ప్యాక్‌లో పెట్టేయండి. ఆ తర్వాత వాట్సాప్‌లో ఏ ఫోటో వచ్చినా కొత్త ఫీచర్లు చేర్చేది లేదు.

దీనిమీద నేను విన్న అభ్యంతరాలు రెండు. మొదటిది, "మాకు క్రాఫ్టులు చేయడం ఇష్టం, సరదాగా చేసుకుంటాం, నీకేం బాధ?" నిజంగా ఇష్టమైతే శుభ్రంగా చేసుకోండి. చేసే చేతులు ఎవరివో మాత్రం చూసుకోండి. పిల్ల కూర్చుని గంటసేపు కత్తిరించుకుంటే అది సరదా. పిల్ల నిద్రపోయాక మీరు కత్తిరిస్తే అది ఓవర్‌టైమ్. రెండోది, "ఇంత గొడవెందుకు, అసలు మానేస్తే పోదా?" మానేయొచ్చు, బలవంతమేమీ లేదు. మతం వల్లో ఇంకో కారణం వల్లో పాల్గొనని కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి, బళ్ళు వాళ్ళని గౌరవిస్తాయి. కానీ బద్ధకంతో మానేస్తే మాత్రం ఆ 23 పేర్లూ రాసే అవకాశం పోతుంది. పెద్దదిగా చేయడానికీ పూర్తిగా మానేయడానికీ మధ్యలో చిన్నదిగా చేయడం అనే దారి కూడా ఉందని మనవాళ్ళకి చప్పున తట్టదు. వరలక్ష్మీ వ్రతానికి పసుపు కుంకుమ, తాంబూలం ఇస్తే చాలనుకునే రోజుల నుంచి రిటర్న్ గిఫ్టుల బ్యాగులదాకా ఎలా వచ్చామో ఒకసారి ఆలోచించండి.

చివరగా మగవాళ్ళకి ఒక మాట. ఈ విషయంలో నేను ఇళ్ళల్లో చూసిన పోట్లాటలన్నీ ఒకే రకం. ఆమె అంత రాత్రప్పుడు ఎందుకు చేస్తోందని ఆయనకి విసుగు. ఆయన కనీసం టీచరు పంపిన కాగితం కూడా చదవలేదని ఆమెకి మంట. ఇద్దరూ ఉద్యోగం చేసే ఇంట్లో ఈ పని అమ్మకే ఎందుకు రావాలో నాకెవరూ చెప్పలేకపోయారు. మా అక్క ఒకసారి సూటిగానే అంది, "ఒరేయ్, మీ బావ ప్రొడక్షన్ ఇష్యూ అంటే అర్ధరాత్రయినా లేస్తాడు, ఇది మాత్రం నా టికెట్టట" అని. ఇప్పుడు ఆ ఎనిమిది నిమిషాలూ మా బావవే. రోజూ సాయంత్రం పిల్ల పక్కన కూర్చుంటాడు, జాబితా పట్టుకుంటాడు, ఇంకేమీ ముట్టుకోడు. పోయినేడు ఆరో రోజుకి కూతురి క్లాసులో పిల్లలందరి పేర్లూ ఆయనకి వచ్చేశాయి. ఎవరు ఏడిపిస్తారో, ఎవరు రబ్బరు అరువిస్తారో కూడా తెలిసింది. అంతకుముందు సంవత్సరమంతా అడిగినా ఆ పిల్ల "బడిలో ఏం జరిగింది?" అంటే "ఏమీ లేదు" అనేది.

వచ్చే ఫిబ్రవరికి మీ ఇంటికి ఆ జాబితా వచ్చినప్పుడు ఒక పెన్సిలు చెక్కి పిల్ల చేతికివ్వండి, పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. కత్తెర మాత్రం మీరు పట్టుకోకండి :)